షుగరు వ్యాధికి బదిలీ ఉత్తర్వులు

ఏవండోయ్, షుగరున్న బాబులూ! బీపీ ఉన్న అమ్మలూ! మెట్టెక్కేటప్పుడల్లా మోకాలు పట్టుకుని దేవుణ్ణి తిట్టే పెద్దలూ! ఇలా దగ్గరికి జరగండి. జరగలేరా? సరే, అక్కడే కూచోండి, గొంతు పెంచుదాం. మీ సంగతి ఊరందరికీ తెలిసిందే. పక్కింటాయన పొడపత్రి నమిలితే మీరూ నమిలారు. వియ్యపురాలు మెంతులు నానబెడితే మీరూ నానబెట్టారు. ఎవరో ఫోన్లో పుట్టగొడుగు పొడి బొమ్మ పంపితే, డాక్టరు చీటీ మడిచి పరుపు కింద పెట్టారు. పక్కవాళ్ళ వైపు చూడకండి, మిమ్మల్నే. అయినా సిగ్గుపడక్కర్లేదు. మీరు రోగాన్ని తగ్గించుకోవాలని మాత్రమే చూశారు. కాలవల శాఖ వారైతే ఏకంగా రోగాన్ని ట్రాన్స్‌ఫర్ చేశారు.

ఆ శాఖలో చిట్టబ్బాయి అని ఒక లస్కరు ఉండేవాడు. లస్కరంటే తెలుసుగా, లాకుల దగ్గర చక్రం తిప్పి కాలవ తలుపులు ఎత్తి దించేవాడు. గుర్రపుడెక్క కొట్టుకొచ్చి తలుపులకి అడ్డం పడితే మొలలోతు నీళ్ళలో దిగి లాగేవాడు కూడా వాడే. కొంగలంక లాకుల దగ్గర అతను తిప్పని చక్రం లేదు. అలాంటి మనిషికి షుగరు పట్టుకుంది. పట్టుకుని పదేళ్ళు దాటాక అరికాళ్ళకి స్పర్శ పోయింది. ఓ రోజు నీళ్ళలోంచి గట్టెక్కి ఇంటికి నడిచొస్తే, వాకిట్లో నెత్తుటి అడుగులు చూసి భార్య పాపాయమ్మ కెవ్వున అరిచింది. నత్తగుల్ల పెంకు కాల్లో దిగబడి ఉంది. అతనికి తెలియనే తెలియదు.

ఆ పుండు మానేసరికి తాతలు దిగొచ్చారు. "ఇంకోసారి నీళ్ళలో దిగావంటే నువ్వొక్కడివే పైకొస్తావు, కాలు రాదు" అన్నాడు డాక్టరు. అందుకని డివిజన్ ఆఫీసులో ఫ్యాను కింద, టెలిఫోను పక్కన ఒక కుర్చీ ఇచ్చారు. లాకుల నుంచి నీటిమట్టం చెబితే రాసుకోవాలి, అంతే పని. మిగతా పొద్దంతా అతను మంత్రి గారి గొంతుతో పక్కగదిలోని సూపరింటెండెంటు భీమశంకరానికి ఫోన్ చేసి, ఆయన లేచి నిలబడి "చిత్తం, చిత్తం" అంటుంటే తలుపు సందులోంచి చూసి ఆనందించేవాడు.

ఇలా ఉండగా పెద్ద ఇంజనీరు దక్షిణామూర్తి గారు కొండల మీద ఏదో ప్రకృతి శిబిరానికి వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు నడుం నొప్పి ఉంది, వచ్చేటప్పుడు లేదు. అక్కడున్నన్నాళ్ళూ ఆకుల కషాయం, పుట్టగొడుగుల పొడి తాగారు. అక్కడున్నన్నాళ్ళూ కుర్చీ లేదు, ఫైళ్ళు లేవు, పై అధికారి ఫోన్లు లేవు. ఘనత మాత్రం పుట్టగొడుగుకే దక్కింది. పాపం, అది కాదనలేదు కూడా.

వచ్చిన రోజే మీటింగు పెట్టారు.

"మిత్రులారా! ప్రభుత్వోద్యోగి ఒకే సీటులో మూడేళ్ళకి మించి ఉండరాదని నియమం. ఎందుకు? వేళ్ళూనుకుంటాడు గనక. మరి రోగం సంగతేమిటి? మన చిట్టబ్బాయి ఒంట్లో షుగరు పుష్కరకాలంగా ఒకే సీటులో తిష్ఠ వేసి ఉంది. భీమశంకరం గారి బీపీ ఆయన సర్వీసుకంటే సీనియరు. దీన్ని ఇంతవరకు ఎవరూ ప్రశ్నించకపోవడం తీవ్రమైన పాలనాపరమైన లోపం. ఇకపై మన డివిజన్లో ఏ వ్యాధి అయినా మూడేళ్ళు దాటిన పక్షంలో, సదరు వ్యాధిని కషాయపూర్వకంగా రిలీవ్ చేయడం జరుగుతుంది!"

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది భీమశంకరం. బీపీ మనిషి కదా, చెయ్యి ఆగలేదు.

కషాయానికి పొడపత్రి, తిప్పతీగ, నేలవేము కాలవగట్ల మీదే దొరికాయి. వాటి మీద చల్లడానికి 'ఛత్రక చూర్ణం' కావాలి, అంటే పుట్టగొడుగుల పొడి. పుట్టగొడుగులకి చీకటీ చెమ్మా ఉండాలన్నారు. రికార్డు గదిని మించిన చీకటీ చెమ్మా జిల్లాలో ఇంకెక్కడున్నాయి? వరిగడ్డి మీద పెంచాలని పుస్తకంలో ఉంది గానీ, గడ్డికి టెండర్లు పిలవాలి. పాత ఫైళ్ళకి ఆ బాధ లేదు. తడిపి పెడితే కొద్దిరోజుల్లోనే మురుగుకాలవల పూడికతీత ఫైళ్ళ కట్ట మీద తెల్లగా గొడుగులు లేచాయి. ఆ తరవాత ఏ రైతైనా వచ్చి "నా అర్జీ ఏవైందండీ?" అని అడిగితే, "మొలకెత్తింది, కోతకొస్తోంది" అని ఉన్న నిజం చెప్పే వీలు కలిగింది.

కషాయం కాచే పని ఖాళీగా కూచునే చిట్టబ్బాయికే అప్పగించారు. ఆ సాయంత్రం అతను ఇంటికొచ్చి అరుగు మీద చతికిలబడ్డాడు.

"ఏవే పాపాయమ్మా, మన షుగరు పీకేత్తారంటనే."

"పోతే పోనీవయ్యా, పీడ వదిలిపోద్ది."

"పీడతో పాటు కుర్చీ పోద్దే! కుర్చీ పోతే చక్రం, చక్రం ఎనకాల గుర్రపుడెక్క. నత్తగుల్ల మర్చిపోయావేటి?"

పాపాయమ్మ చేటలో బియ్యం ఏరుతున్నదల్లా ఆగింది. "ఆకు రసానికే పోద్దా అంత మొండి రోగం?"

"పోద్దో పోదో మనకెందుకు? పోయిందని రాసేత్తారు గదా! ఆఫీసులో రాసిందే రోగం, రాయందే ఆరోగ్యం."

"మరేటి చేత్తావిప్పుడు?"

చిట్టబ్బాయి కళ్ళు మెరిశాయి. అలా మెరిస్తే పాపాయమ్మకి భయం. "షుగరు ఎల్లిపోతానంటే ఏం చెయ్యాలే? బతిమాలి, మర్యాద చేసి, కూచోబెట్టుకోవాలి. కషాయంలో బెల్లం ఏత్తాను. అందరి షుగర్లూ ఎక్కడివక్కడే స్థిరంగా కూచుంటాయి. పథకం వారం తిరక్కుండా మూలపడద్ది."

"నీ తిక్క తగలెయ్య! ఏదన్నా ఏడు గానీ, డాక్టరిచ్చిన బిళ్ళలు మాత్రం మానకు."

మర్నాటి నుంచి అచ్చుబెల్లం చొక్కా కింద దూరి ఆఫీసుకెళ్ళడం మొదలుపెట్టింది. మొదటిరోజు ఆ చేదు రసాన్ని క్రోటన్ మొక్కలకి పోసిన సిబ్బంది, బెల్లం పడ్డాక గ్లాసులు పట్టుకుని వరస కట్టారు. దక్షిణామూర్తి గారు ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నారు.

"గమనించారా, భీమశంకరం గారూ? చేదు పోయింది. శరీరంలోంచి రోగం కదిలే కొద్దీ కషాయం దానంతటదే తియ్యబడుతుందని శిబిరంలో అప్పుడే చెప్పారు."

"చిత్తం. పాకంలా తగుల్తోందండి."

"అది ఛత్రకం తాలూకు ప్రభావం."

పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, ఇంటికెళ్ళేముందు ఒకటి. ఏ రోగమూ లేని దక్షిణామూర్తి గారు ఆదర్శం కోసం అందరికంటే పెద్ద గ్లాసు పెట్టుకున్నారు. కాచిన ప్రతిసారీ చిట్టబ్బాయి కూడా రుచి చూసేవాడు. తీపి సరిపోయిందో లేదో తెలియాలి కదా. ఒక్కోసారి రెండు సార్లు చూసేవాడు.

రోగాలు రిలీవవ్వాల్సిన గడువు దగ్గరపడింది. "షుగరు మీటరు పెట్టి ఒకసారి చూద్దామాండీ, తగ్గిందేమో?" అని భీమశంకరం నోరు జారాడు.

దక్షిణామూర్తి గారు కళ్ళద్దాలు తీసి తుడిచారు. "అంటే ఇది పథకం మీద అనుమానమా, లేక నా మీదా?"

"అబ్బెబ్బే, మీటరు మీదండి."

మీటరు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. రోగి తన రోగం తరఫున 'ఈ రోజు మధ్యాహ్నం నుండి నేను ఈ శరీరం నుండి రిలీవైతిని' అని రాసి సంతకం పెడితే చాలన్నారు. భీమశంకరం బీపీ రిలీవైంది. డ్రాఫ్ట్స్‌మన్ గారి మూలవ్యాధి కూడా సంతకం పెట్టింది. చిట్టబ్బాయి వంతు వచ్చింది. బెల్లం పని చెయ్యలేదు సరే, నోరుంది కదా అనుకున్నాడు.

"ఆయ్, పెడతానండి. తవరు పెట్టమంటే రెండు పెడతాను. చిన్న డౌటండి బాబూ. ఈ కుర్చీలోంచి నన్ను రిలీవ్ చేత్తే నేను ఇంకెక్కడో జాయినవ్వాలి గదండి. మరి నా షుగరు ఎక్కడ జాయినవ్వాలండి?"

ఈ ప్రశ్న మీద ఫైలు పైకీ కిందకీ తిరిగి తిరిగి, తన రిటైర్‌మెంటు దాకా తేలదని అతని లెక్క. కానీ దక్షిణామూర్తి గారు లేచొచ్చి చిట్టబ్బాయి భుజం మీద చెయ్యేశారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"నా సర్వీసులో ఇంత మౌలికమైన ప్రశ్న ఎవరూ వెయ్యలేదయ్యా."

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చేసింది. రిలీవైన వ్యాధిని పోస్టింగు లేకుండా నిరీక్షణలో ఉంచరాదు. రోగం లేని ఉద్యోగిని ఖాళీ పోస్టుగా పరిగణించాలి. ఖాళీలన్నిటినీ కౌన్సెలింగ్ ద్వారా భర్తీ చెయ్యాలి.

ఇక చూడండి తిరణాల. రోగం లేనివాళ్ళంతా సిఫార్సుల కోసం పరుగులు. బీపీకి మంచి గిరాకీ పలికింది, ఎవరిని తిట్టినా 'పాపం బీపీ' అంటారని. గ్యాస్ ట్రబుల్ మర్యాదస్తుల రోగం అని ఎకౌంట్స్ సెక్షన్ వాళ్ళు పట్టుబట్టి తీసుకున్నారు. మూలవ్యాధిని ఎవరూ కోరుకోలేదు. నిన్నగాక మొన్న చేరిన టైపిస్టుకి కట్టబెట్టారు, జూనియరు కదా, తప్పదు. కానీ అందరి కళ్ళూ షుగరు మీదే. దానికి కుర్చీ ఉంది, ఫ్యాను ఉంది, నెలనెలా ఆస్పత్రి నుంచి ఉచితంగా బిళ్ళలున్నాయి. చివరికది ఎమ్మెల్యే గారి తోడల్లుడి తమ్ముడు రాంపండుకి దక్కింది. లాకుల దగ్గర చేరి ఏడాదన్నా కాలేదు. తాటిదూలంలాంటి కుర్రాడు, పూటకి కుండెడన్నం తింటాడు.

ఛార్జి అప్పగింతల దగ్గర రాంపండు చిట్టబ్బాయి చెవిలో గొణిగాడు.

"మావా, ఎలాగుంటదేటి ఈ షుగరు?"

"తియ్యగా ఉంటదిరా అల్లుడా."

"పనేటి మరి?"

"గంటకోసారి ఒంటేలుకి లెగాలి."

"కుర్చీలోంచా?"

"మరి!"

"అబ్బా, అదొక్కటే కష్టవనుకుంటా" అని రాంపండు సంతకం పెట్టి, ఫ్యాను వేగం పెంచుకుని కూచున్నాడు. కషాయం కాచే పని కూడా కుర్చీతో పాటే పోయింది. రాంపండు బెల్లం రెట్టింపు చేశాడు. దక్షిణామూర్తి గారు గ్లాసులు రెట్టింపు చేశారు.

రోగం లేనివాడు కాబట్టి చిట్టబ్బాయిని కొంగలంక లాకుల మీదికి పంపేశారు. ఆస్పత్రి బిళ్ళలు షుగరు ఎక్కడ పోస్టయితే అక్కడికే ఇస్తారు గనక రాంపండు బల్ల సొరుగులో పడుతున్నాయి. పాపాయమ్మ మందుల షాపులో అడిగి తెచ్చినవే అతనికి దిక్కు. అవి ఓ పూట ఉంటే ఓ పూట ఉండేవి కావు.

ఆ ఏడు గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా వచ్చింది. అతను నీళ్ళలో దిగితే పాపాయమ్మ గట్టు మీద కూచునేది. పైకి రాగానే అతని కాలు ఒళ్ళో పెట్టుకుని, బియ్యంలో రాళ్ళేరినట్టు అరికాలంతా వేలితో తడిమి చూసేది. రోజూ ఏదో వెటకారం ఆడేవాడు, "కాళ్ళు పట్టించుకుంటన్నానని ఊళ్ళో చెప్పకేం" అని. ఓ రోజు ఆవిడ వేలు బొటనవేలి కింద ఆగిపోయింది.

"ఇక్కడ చీరుకుపోయిందయ్యా. లోతుగా ఉంది."

"నొక్కు."

"నొక్కుతూనే ఉన్నాను."

చిట్టబ్బాయి తలగుడ్డ విప్పి ఆవిడ చేతికిచ్చాడు.

ఈలోగా 'మా డివిజన్లో మూడేళ్ళు దాటిన వ్యాధులు: నిల్' అని దక్షిణామూర్తి గారు పైకి రాసిన నివేదిక రాజధానిలో సంచలనమైంది. శాఖ అంతటికీ ఈ పథకం వర్తింపజేద్దామని ఒక పరిశీలక బృందాన్ని పంపారు. బృందంతో పాటు ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ సంచీలో మీటరు ఉంది. పథకాలు గట్రా తెలియని మనిషి, కనపడ్డ ప్రతివాడి వేలూ పొడిచేసింది.

రాంపండు వేలు పొడిస్తే షుగరు లేదు. "చూశారా! పోస్టింగ్ వచ్చిన కొద్దికాలానికే నయమైపోయింది!" అని దక్షిణామూర్తి గారు అరిచారు. ఇద్దరికీ దండలు వేశారు. కుంటుకుంటూ వచ్చిన చిట్టబ్బాయి వేలు పొడిస్తే మూడొందల పైన చూపించింది.

"ఈయనకి షుగరుందండీ" అంది డాక్టరమ్మ.

"ఉండటానికి వీల్లేదమ్మా. ఉత్తర్వులు లేవు."

"ఒంట్లో ఉందండీ!"

"అలా అయితే అది అనధికార ఆక్రమణ కిందికి వస్తుంది."

డాక్టరమ్మ ఆయన్ని వింతగా చూసి, చిట్టబ్బాయి కాలు చూసి మొహం గంభీరంగా పెట్టి, "రేపే ఆస్పత్రికి రావాలి నువ్వు" అంది. అదే ఊపులో దక్షిణామూర్తి గారి వేలు కూడా పొడిచింది. మీటరు చూసింది. మళ్ళీ చూసింది. ఆయన చెవిలో ఏదో చెప్పింది. దక్షిణామూర్తి గారు మెళ్ళో దండ తీసి నెమ్మదిగా బల్ల మీద పెట్టారు.

సాయంత్రం చిట్టబ్బాయికి మెమో అందింది. 'రిలీవైన షుగరు వ్యాధిని సమర్థాధికారి అనుమతి లేకుండా తిరిగి ఒంట్లో చేర్చుకుని, అక్రమంగా కొనసాగిస్తున్నందున, మిమ్మల్ని తక్షణం సస్పెండు చేయడమైనది.'

"సచ్చీ చెడీ ఓ మంచి పని చేశారు" అంది పాపాయమ్మ. నీళ్ళలో దిగే బాధ తప్పింది. మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. సమయానికి వచ్చారు, కాలు నిలబడుతుంది అన్నారు. సూది మందూ బిళ్ళలూ రాశారు, పట్టీ కట్టారు, పొయ్యి మీద ఏ ఆకు ఉడికినా సరే ఈ మందు మానకూడదని పాపాయమ్మ చేత ఒట్టేయించుకున్నారు.

వారం గడిచింది. మిట్టమధ్యాహ్నం వేళ, తల మీద తువ్వాలు కప్పుకుని ఒకాయన చిట్టబ్బాయి గుమ్మంలోకి వచ్చాడు. తువ్వాలు తీస్తే దక్షిణామూర్తి గారు. నాలిక పిడచకట్టుకుపోయి ఉంది. పాపాయమ్మ ఇచ్చిన చెంబెడు నీళ్ళూ ఒక్క గుక్కలో తాగి, ఇంకో చెంబు అడిగారు.

"చిట్టబ్బాయ్, విషయం గోప్యంగా ఉంచాలి. నాకు షుగరట."

చిట్టబ్బాయికి నవ్వు పొట్టలో గిలగిల్లాడింది. మొహం మాత్రం బిగబట్టాడు. "ఆర్డరుందాండి బాబూ?"

"పరిహాసమాడకు. నిల్ అని రాసిచ్చినవాణ్ణి. ఇప్పుడు నాకుందని తెలిస్తే నామీద నేనే మెమో ఇచ్చుకోవాలి. నువ్వు ఏం బిళ్ళ వాడతావో చెప్పు."

అప్పుడు ఆయన రెండో చెంబూ ఖాళీ చేసి మూడోదానికి చెయ్యి చాచడం చిట్టబ్బాయికి కనపడింది. నవ్వు లోపలే ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అడక్కుండానే నిజం చెప్పేశాడు.

"బాబూ, నన్ను క్షమించండి. ఆ కషాయం దానంతటది తియ్యబళ్ళేదండి. నేనే బెల్లం ఏశాను. తవరు తాగింది బెల్లం పానకవండి. ఈ కాలు చూడండి. ఆస్పత్రికి ఎల్లండి, ఆ డాక్టరమ్మ బంగారం లాంటి మనిషి."

దక్షిణామూర్తి గారు పట్టీ కట్టిన ఆ కాలు వైపు చూశారు. ఆ తరవాత జాలిగా నవ్వారు.

"నన్ను ఓదార్చడానికి నేరం నీ మీద వేసుకుంటున్నావు. పథకాన్ని నువ్వూ అంతగా ప్రేమించావన్నమాట! ఛత్రకం తప్పు చెయ్యదయ్యా. ఇది పాలనాపరమైన ఇబ్బంది, పాలనాపరంగానే పరిష్కరించాలి" అని తువ్వాలు కప్పుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు భీమశంకరం స్వయంగా కాగితం పట్టుకొచ్చి వాకిట్లోనే చదివాడు. చిట్టబ్బాయి సస్పెన్షన్ ఎత్తివేశారు. అతని ఒంట్లోని షుగరుని క్రమబద్ధీకరించారు. నయమైన రాంపండు లాకుల మీదికి, చిట్టబ్బాయి కుర్చీలోకి. అంతే కాక, 'పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా పెద్ద ఇంజనీరు గారి షుగరుకి కూడా శ్రీ చిట్టబ్బాయి తదుపరి ఉత్తర్వుల వరకు పూర్తి అదనపు బాధ్యతలు నిర్వహించవలెను.'

"అంటే ఏటండీ?" అంది పాపాయమ్మ.

"ఇద్దరి షుగరూ ఇక మీ ఆయనే చూసుకుంటాడమ్మా" అన్నాడు భీమశంకరం, ఎంతో సహజంగా.

సోమవారం చిట్టబ్బాయి కుర్చీలో కూచున్నాడు. కాలికింద దిండు, నెత్తిమీద ఫ్యాను. టెలిఫోను చూస్తే మంత్రి గారి గొంతు నోటిదాకా వచ్చింది. ఇంతలో దక్షిణామూర్తి గారు చేత్తో కాజాల పొట్లం పట్టుకుని బయటికి వచ్చారు. పెదాల మీద పాకం మెరుస్తోంది. చాలా రోజుల తరవాత హుషారుగా ఉన్నారు.

"చిట్టబ్బాయ్, బిళ్ళ వేసుకున్నావా?"

"ఏసుకున్నానండి."

"నీదా, నాదా?"

పరాచికమనుకుని నవ్వబోయాడు. దొరగారి మొహంలో నవ్వు లేదు.

"బాబూ, అలా కాదండి. నేనేసుకుంటే తవరికి తగ్గదండి. నామాట నమ్మండి, ఆ కాజా కింద పెట్టండి. మా పాపాయమ్మ మీద ఒట్టు!"

"అదనపు బాధ్యత అనేసరికి ఎవడైనా ఇలాగే తప్పించుకోజూస్తాడు. ఊఁ, నా ఎదురుగా వేసుకో."

చిట్టబ్బాయి ఆయన్ని చూశాడు, కాజాని చూశాడు, పక్కగదిలోంచి తొంగి చూస్తున్న భీమశంకరాన్ని చూశాడు. చేసేదేమీ లేక ఖాళీ చెయ్యి నోట్లో పెట్టుకుని, గ్లాసెత్తి గుటక వేశాడు.

"ఏసుకున్నానండి."

దక్షిణామూర్తి గారు క్షణం సేపు కళ్ళు మూసుకుని, ఛాతీ నిండా గాలి పీల్చి వదిలారు.

"ఆహా! ఇప్పుడు తేలిగ్గా ఉందయ్యా" అంటూ ఇంకో కాజా తీసుకున్నారు.